బిళ్ళలు అయిపోయినా ఆయాసం పోలేదు

ఏటా మార్చి 24న ప్రపంచ క్షయ దినం నాడు ర్యాలీలు, ప్రతిజ్ఞలు అయ్యాక ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: దేశం నుంచి టీబీ ఎప్పుడు పోతుంది? 2015తో పోలిస్తే 2025కల్లా కొత్త కేసులను 80 శాతం, మరణాలను 90 శాతం తగ్గిస్తామని పెట్టుకున్న గడువు దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2024కు 187కి దిగాయి. మరణాలు లక్షకు 28 నుంచి 21కి వచ్చాయి. ఇది చిన్న విజయమేమీ కాదు. చెప్పుకున్న లక్ష్యం మాత్రం ఇంకా చాలా దూరంలో ఉంది. దీని మీద చర్చ ఎటూ జరుగుతూనే ఉంది. అరకు లోయ, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు కొండల్లో వినిపించే ప్రశ్న వేరు. ఆరు నెలలూ తప్పకుండా బిళ్ళలు మింగాను, తెమడలో ఏమీ లేదన్నారు, మరి కొండ ఎక్కితే ఎందుకు ఎగపోస్తోంది అని అడుగుతారు. జాతీయ కార్యక్రమం దగ్గర దీనికి జవాబు లేదు. అడిగిన మనిషి పేరు అప్పటికే 'చికిత్స విజయవంతం' అనే గడిలోకి చేరిపోయింది.

క్రిమి పోవడం ఒకటి, ఊపిరి తిరిగి రావడం మరొకటి. మన రికార్డులు మొదటిదాన్నే లెక్కపెడతాయి. క్షయ క్రిమి ఊపిరితిత్తిని తినేస్తుందని జనం అనుకుంటారు గానీ, ఎక్కువ నష్టం జరిగేది ఆ క్రిమితో మన ఒళ్ళు చేసే పోరాటంలోనే. రక్షణ కణాలు వదిలే ఎంజైములు క్రిమి చుట్టుపక్కల కణజాలాన్ని కూడా కరిగించేస్తాయి. అక్కడ గుంత పడుతుంది. మందులకు క్రిమి చచ్చాక ఆ చోటు మచ్చకట్టి ముడుచుకుపోతుంది, పక్కనున్న మంచి భాగాన్ని కూడా తనవైపు లాక్కుంటుంది. శ్వాసనాళాలు కొన్నిచోట్ల ఇరుకవుతాయి, కొన్నిచోట్ల సాగిపోయి సంచుల్లా మారతాయి. ఆ సంచుల్లో కఫం నిలిచిపోయి చలికాలం వచ్చేసరికి చీము పడుతుంది. మిగిలిపోయిన గుంతలో కొందరికి ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండకట్టి పెరుగుతుంది. అలాంటివాళ్ళకు ఏళ్ళు గడిచాక ఒకనాడు దగ్గుతో పాటు రక్తం పడుతుంది. ఇంట్లోవాళ్ళు మళ్ళీ టీబీ వచ్చిందనుకుంటారు. చాలాసార్లు చూసిన వైద్యుడూ అలాగే అనుకుంటాడు.

ఇది అరుదుగా ఎవరికో జరిగేది కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 27,660 మంది కార్మికుల ఊపిరి సామర్థ్యాన్ని కొలిచి 2000లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఒకసారి టీబీ వచ్చి తగ్గినవారిలో 18 శాతం మందికి, రెండుసార్లు వచ్చినవారిలో 27 శాతానికి, మూడుసార్లో అంతకు మించో వచ్చినవారిలో 35 శాతానికి ఊపిరితిత్తుల శక్తి శాశ్వతంగా తగ్గిపోయింది. గనుల ధూళి సంగతి వేరని ఎవరైనా అనవచ్చు. గనులతో సంబంధం లేని మలావీ దేశపు బ్లాంటైర్ నగరంలో చికిత్స పూర్తిచేసినవారిని పరీక్షిస్తే, మూడింట ఒకరికి శ్వాస పరీక్ష సరిగా రాలేదు, పదిమందిలో ఆరుగురికి దగ్గో ఆయాసమో మిగిలే ఉంది. లాటిన్ అమెరికాలోని అయిదు నగరాల్లో నలభై దాటినవారిని పరీక్షించినప్పుడు, ఎప్పుడో టీబీ వచ్చిందని చెప్పినవారిలో 30 శాతానికి పైగా శ్వాసనాళాల్లో అడ్డు కనిపించింది. టీబీ రానివారిలో అది 14 శాతం లోపే. 2019లో ప్రపంచమంతటా టీబీ బారిన పడినవారు జీవితకాలంలో కోల్పోయే ఆరోగ్యాన్ని లెక్కగట్టిన పరిశోధకులు, అందులో 47 శాతం నష్టం టీబీ 'తగ్గిన' తర్వాతి కాలానిదేనని తేల్చారు. అంటే దాదాపు సగం భారం మనం ఫైలు మూసేసిన తర్వాతే మొదలవుతోంది.

తూర్పు కనుమల్లో ఈ భారం ఇంకా ఎందుకు పెరుగుతుందో చూడాలి. ఊపిరితిత్తి ఎంత పాడైందన్నది మందు ఎంత మంచిదన్నదాని కన్నా, అది ఎంత ఆలస్యంగా మొదలైందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 2019–21 జాతీయ సర్వేలో టీబీ లక్షణాలున్నవారిలో 64 శాతం మంది అసలు వైద్యానికే వెళ్ళలేదని తేలింది. అది మైదానాలు, నగరాలు కలిసిన సగటు. డోలీలో మోసుకొస్తే తప్ప రోడ్డు మొహం చూడని గూడేల్లో దగ్గు నెలల తరబడి దగ్గుగానే ఉండిపోతుంది. వారపు సంతకు వచ్చినప్పుడు ఏదో మందు కొనుక్కోవడం, తగ్గకపోతే ఇంకో సంత దాకా ఓపిక పట్టడం అక్కడ మామూలే. చివరికి ఎక్స్‌రే తీసేనాటికి రెండు పక్కలా గుంతలు కనిపిస్తాయి. దేశంలోని గిరిజన ప్రాంతాల్లో జరిపిన సర్వే లక్షకు 432 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు చూపింది. జాతీయ సర్వేలో ఆ సంఖ్య 316. రెండు సర్వేల పద్ధతులూ ఒకటి కావు కాబట్టి తేడాను అంగుళాలతో కొలవలేం గానీ, బరువు ఎటువైపు ఉందో తెలుస్తూనే ఉంది.

ఆపైన పొగ. ఈ కొండల్లో ఇల్లు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కిటికీ లేని గది, మూలన మట్టిపొయ్యి, దాని పైన అటకకు వేలాడగట్టిన మొక్కజొన్న పొత్తులు, మసిపట్టి నల్లగా నిగనిగలాడే వాసాలు. ఆ మసే విత్తనాన్ని పురుగు పట్టకుండా కాపాడుతుంది, ఆ సెగే డిసెంబరు రాత్రుల చలిని ఆపుతుంది. కాబట్టి పొయ్యి బయట పెట్టుకోమని సలహా చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమైనా, ఆ సిలిండరును కొండ మీదికి మోసేదెవరన్నది ఒక ప్రశ్న, గ్యాసుతో గది వెచ్చబడదన్నది ఇంకొకటి. దీనికి చుట్ట తోడు. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సరుకు కారణమని ఎన్నో దశాబ్దాల కిందటే వైద్య పత్రికలకు ఎక్కింది. ఊపిరితిత్తుల సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. మచ్చపడిన ఊపిరితిత్తికి పొయ్యి పొగ, చుట్ట పొగ కలిస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి వాలు. ఊపిరి మూడో వంతు తగ్గిన విశాఖ గుమాస్తా కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసుకుంటాడు, తగ్గిన సంగతి అతనికి ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. అదే నష్టం ఒక కొండదొర రైతుకో, పోర్జ ఆడమనిషికో జరిగితే ఆ ఏడాదే బతుకు తలకిందులవుతుంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు పెరిగేది వాలు మీద. మిరియాల తీగ పాకేది నిటారు మాను మీద. కట్టెలమోపు, నీళ్ళ బిందె, సంతకు మోసే పసుపు బస్తా, అన్నీ ఎక్కుడూ దిగుడే. అందుకే ఇక్కడ ఆయాసం అంటే కూలి పోవడం. పరీక్ష గదిలో కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 96 చూపించే మనిషి, వాలు మీద నాలుగుసార్లు ఆగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంది. మన పరీక్ష ఆమెను కూర్చోబెట్టి కొలుస్తుంది కాబట్టి ఆ రొప్పు మనకు కనబడదు.

ఒకప్పుడు ఈ విషయం వైద్యలోకానికి తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానటోరియం దక్షిణ భారతానికంతా పేరున్న క్షయ వైద్యశాల. మందులు లేని ఆ కాలంలో శానటోరియం వైద్యమంటే విశ్రాంతి, తిండి, ఆ తర్వాత కొలిచి కొలిచి పెంచే నడక, పని. ఇంగ్లండులో 1918 నుంచి పాప్‌వర్త్ అనే ఊరు కోలుకున్న రోగులు తమ శక్తికి తగిన పని చేసుకుంటూ బతికే కాలనీగా ఎదిగింది. మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంటి దగ్గర ఉండి మందు మింగినా శానటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని 1959లో రుజువు చేసింది. పేదవాడికి అంతకన్నా మేలు చేసిన వైద్య పరిశోధన మన గడ్డ మీద ఇంకొకటి లేదని నా నమ్మకం. 1962 జాతీయ కార్యక్రమం, ఆ తర్వాతివన్నీ దాని మీదే నిలబడ్డాయి. అయితే శానటోరియం మంచాలతో పాటు, కోలుకునే రోగికి చికిత్స తర్వాత కూడా అండ కావాలన్న ఆలోచననూ మూసేశాం. మంచం అక్కర్లేదని తేలింది, నడక నేర్పడం అక్కర్లేదని ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడు వాదాలకు వద్దాం. మొదటిది కార్యక్రమ నిర్వాహకులది. చేతిలో ఉన్న మనుషులు, డబ్బు కొత్త కేసులు పట్టుకోవడానికే చాలడం లేదు, ముందు వ్యాప్తిని ఆపాలి, త్వరగా పట్టుకుంటే ఊపిరితిత్తి దానంతట అదే దక్కుతుంది కదా అంటారు. ఇందులో నిజం ఉంది. ఆలస్యాన్ని తగ్గించడాన్ని మించిన ఊపిరితిత్తుల రక్షణ లేదు. కానీ ఇప్పటికే నష్టపోయినవారికి ఆ మాట ఏ విధంగానూ అక్కరకు రాదు. 1980 నుంచి 2019 వరకు టీబీ వచ్చి, 2020 నాటికి బతికి ఉన్నవారు ప్రపంచంలో 15.5 కోట్ల మందని అంచనా. అందులో మన వాటా తక్కువేమీ కాదు. రెండో వాదం ఛాతీ వైద్యుల్లో కొందరిది. ఉబ్బసానికి, పొగ వల్ల వచ్చే సీవోపీడీకి వాడే ఇన్‌హేలర్లు టీబీ మచ్చల ఆయాసానికి ఎంత పనిచేస్తాయో చెప్పే పరీక్షలు తక్కువ, ఎందుకంటే ఆ పరీక్షల్లో టీబీ వచ్చినవారిని సాధారణంగా పక్కన పెట్టేశారు. ఇదీ నిజమే. కాబట్టి అందరికీ ఇన్‌హేలరు రాయడం తప్పు. నాళాల్లో అడ్డు ఉన్నదెవరికో, ఊపిరితిత్తి ముడుచుకుపోయినదెవరికో శ్వాస పరీక్ష చేసి తేల్చాలి. ఆధారాలు తక్కువన్న మాటను పరీక్షే అక్కర్లేదన్న దాకా లాగకూడదు. అంతర్జాతీయ సీవోపీడీ మార్గదర్శకాలే 2023 నుంచి టీబీని ఆ జబ్బుకు ఒక కారణంగా విడిగా పేర్కొంటున్నాయి. మూడో వాదం, ఇది అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం చూసుకోవాల్సిన పని అని. కానీ బీపీ, షుగరు పరీక్షలతోనే సతమతమయ్యే ఏఎన్ఎంకు ఇంకో రిజిస్టరు ఇస్తే పని జరగదు. టీబీ రోగి ముఖం ఆరు నెలలు చూసిన ఆశా వర్కరుకే ఆ మనిషి ఏ గూడెంలో ఉన్నదీ తెలుస్తుంది. బాధ్యత టీబీ విభాగంలోనే మొదలవ్వాలని నేను గట్టిగా అంటాను.

ఆయాసాన్ని పట్టించుకోకపోతే ఖర్చు తగ్గుతుందనుకోవడం కూడా పొరపాటు. పాత మచ్చ ఎక్స్‌రేలో ఎప్పటికీ నీడగానే కనిపిస్తుంది. ఊళ్ళోకి తెచ్చే చేతి ఎక్స్‌రే యంత్రాలు, వాటిని చదివే కృత్రిమ మేధ, గతంలో టీబీ వచ్చినవారి విషయంలో ఎక్కువగా పొరబడతాయన్నది తెలిసిన సంగతే. సీబీనాట్ వంటి తెమడ పరీక్షలు చికిత్స ముగిసిన కొత్తలో చచ్చిన క్రిమి ఆనవాళ్ళను కూడా పట్టుకుంటాయి. వెనుకటి ఎక్స్‌రే ఫిల్మూ లేక, శ్వాస పరీక్ష కాగితమూ లేక, ఎదురుగా దగ్గే మనిషిని చూసి డాక్టరు మళ్ళీ ఆరు నెలల కోర్సు రాస్తాడు. నేను చూసినవారిలో మూడుసార్లు కోర్సు వాడినవారున్నారు, రెండోసారికీ మూడోసారికీ తెమడలో క్రిమి దొరికినట్టు కాగితం ఎక్కడా లేదు. అలాగని ఆ దగ్గును పాత మచ్చేలే అని కొట్టిపారేయనూ కూడదు, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే ముప్పు మిగతావారికన్నా ఎక్కువే. ఈ రెంటికీ తేడా కట్టాలంటే కోర్సు ముగిసిన రోజు ఊపిరితిత్తి ఎలా ఉందో రాసిపెట్టిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి. చివరి బిళ్ళ రోజున ఒక ఎక్స్‌రే, ఒక శ్వాస పరీక్ష. తర్వాత ఎప్పుడు దగ్గినా పోల్చుకోవడానికి అవే ఆధారం.

బయటి దేశాలు ఏంచేశాయి? టీబీ జపానునూ ఒకప్పుడు కుదిపేసింది. అక్కడ 1967లోనే శ్వాసశక్తి నష్టాన్ని వైకల్యంగా చట్టంలో చేర్చారు. 1985 నుంచి ఇంటి దగ్గర ఆక్సిజన్ పెట్టుకోవడానికి ఆరోగ్య బీమా వర్తించింది. మొదటి ఏళ్ళలో దాన్ని వాడుకున్నవారిలో పాత టీబీ రోగులది పెద్ద వాటా. దక్షిణ కొరియా 2003లో శ్వాస వైకల్యాన్ని తన జాబితాకు ఎక్కించింది. దక్షిణాఫ్రికాలో గని కార్మికుడికి టీబీ వల్ల ఊపిరి తగ్గితే పరిహారం ఇచ్చే చట్టం 1973 నుంచి ఉంది. సిలికోసిస్, టీబీ బాధిత కార్మికులు గని కంపెనీల మీద వేసిన సామూహిక దావాలో ఒప్పందాన్ని జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు 2019లో ఆమోదించింది. అక్కడే స్టెలెన్‌బాష్‌లో అదే ఏడాది టీబీ అనంతర జబ్బుల మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది, 2021లో పరీక్షకు, వైద్యానికి ప్రమాణాలు వెలువడ్డాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీ మిగిల్చే వైకల్యాల మీద విధానపత్రం విడుదల చేసింది.

మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. 'కుష్ఠు నయమైనవారు' అన్నది అందులో ఒకటి. జబ్బు పోయినా అది చేసిన నష్టం పోదని, నయమైన మనిషికి కూడా ఆసరా కావాలని చట్టం ఒప్పుకున్నట్టే కదా. తలసీమియా, హీమోఫీలియా, గిరిజన ప్రాంతాలను పీడించే సికిల్ సెల్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఊపిరితిత్తులు మాత్రం లేవు. వేలు పోయినవారికి సదరం శిబిరంలో శాతం రాసిస్తారు, ఒక పక్క ఊపిరితిత్తి మొత్తం పోయినవారికి రాయడానికి గడి లేదు. నెలకు 6,000 రూపాయల వికలాంగ పింఛను పొందడానికి ఆ మనిషికి ఏ దారీ లేదు. చికిత్సలో ఉన్నంతకాలం నిక్షయ్ పోషణ్ కింద వచ్చే సాయాన్ని 2024 నవంబరులో 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. మంచి పనే. ఝార్ఖండ్‌లో జరిగిన పరిశోధనలో పోషకాహారం అందిన కుటుంబాల్లో కొత్త టీబీ 39 శాతం తగ్గిందని 2023లో తెలిసినప్పుడు తిండి కూడా మందేనని రుజువైంది. కానీ బిళ్ళలతో పాటే ఆ డబ్బూ ఆగిపోతుంది, ఆయాసం ఆగదు. చట్టానికి సవరణ పార్లమెంటు చేతిలో ఉంది. అందాకా వేచి ఉండకుండా పింఛను జాబితాలో తీవ్ర శ్వాస నష్టాన్ని చేర్చడం రాష్ట్రం చేతిలో పని.

మిగతా పనికి పెద్ద భవనాలు అక్కర్లేదు. చికిత్స ముగిశాక 6, 12, 18, 24 నెలలకు రోగిని చూడాలని జాతీయ మార్గదర్శకాల్లో ఎప్పటి నుంచో ఉంది, తిరగబెట్టిందేమో కనిపెట్టడం దాని ఉద్దేశం. ఆ నాలుగు సందర్శనలకే ఊపిరి పరీక్షను జోడిస్తే చాలు. ప్రతి పీహెచ్‌సీకీ స్పైరోమీటరు ఇవ్వలేకపోవచ్చు, ఇచ్చినా సరిగ్గా ఊదించడం నేర్పేవారు కావాలి. ఆరు నిమిషాల నడక పరీక్షకు మాత్రం ముప్పై మీటర్ల చదునైన వరండా, రెండు కుర్చీలు, ఒక సుద్దముక్క, గడియారం, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటే సరి. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారు, ఎక్కడ ఆగారు, ఆక్సిజన్ ఎంత పడింది అన్నది కార్డు మీద రాయాలి. అందులో తేడా కనిపించినవారినే పాడేరుకో, అరకు ప్రాంతీయ ఆసుపత్రికో స్పైరోమెట్రీకి పంపాలి. నూటికి పైగా కిలోమీటర్లు ఘాట్ దిగి విశాఖ వెళ్ళమంటే చాలామంది వెళ్ళరు, వెళ్ళినవారు రెండోసారి వెళ్ళరు. పాడేరులో 2024–25 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. దాని ఛాతీ విభాగానికి ఇంతకన్నా సొంతమైన పని ఇంకేముంటుంది?

శ్వాస వ్యాయామాల సంగతి కూడా అంతే. ఉగాండా రాజధాని కంపాలాలో టీబీ మచ్చలతో బాధపడే కొద్దిమందికి ఆరు వారాలు నడక, కండరాల వ్యాయామం, కఫం తీసే పద్ధతులు నేర్పించారు. నడిచే దూరం పెరిగింది, దగ్గులో రక్తం పడటం తగ్గింది. నమూనా చిన్నదని ఒప్పుకుంటాను. ఖర్చూ చిన్నదే, హాని ఏమీ లేదు. కొండ మనిషికి వ్యాయామం నేర్పడమేమిటని నవ్వేవారికి ఒక మాట. వాళ్ళకు నేర్పాల్సింది నడక కాదు, మోపు ఎత్తేటప్పుడు ఊపిరి ఎలా వదలాలి, ఎక్కేటప్పుడు ఎన్ని అడుగులకు ఆగాలి, పొద్దున్నే బోర్లా పడుకుని కఫం ఎలా బయటికి తేవాలి అన్నది. ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో చెప్పగల ఆశా వర్కరు ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే చాలు. అడ్డు ఉన్నవారికి ఇన్‌హేలరు పీహెచ్‌సీలోనే దొరకాలి, ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా వీళ్ళకు ఉచితంగా వేయాలి. వెచ్చదనం ఇస్తూనే పొగను గొట్టం ద్వారా బయటికి పంపే పొయ్యిలను గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ముందుగా టీబీ వచ్చిన ఇళ్ళకు కట్టించాలి.

'టీబీ రహిత పంచాయతీ' గుర్తింపు కోసం ఇప్పుడు పంచాయతీలు పోటీ పడుతున్నాయి. మొదటి ఏడాది కంచు రంగు గాంధీ విగ్రహం, వరసగా నిలబెట్టుకుంటే వెండి, బంగారు రంగులవి. వెయ్యి మందికి కనీసం 30 పరీక్షలు, ఒకటికి మించని కేసులు, 85 శాతం చికిత్స విజయం వంటి కొలతలున్నాయి. కోర్సు ముగిసినవారిలో ఎంతమందిని నడిపించి చూశారు అన్న కొలత వాటిలో లేదు. దాన్ని చేర్చితే సర్పంచి నుంచి మెడికల్ ఆఫీసరు దాకా అందరి కళ్ళూ అటు తిరుగుతాయి, ఎందుకంటే లెక్కలోకి రాని పని మన యంత్రాంగంలో జరగదు. జూన్‌లో తొలకరి వేళ మందు మొదలుపెట్టినవారి కోర్సు నవంబరు చివరికో డిసెంబరుకో ముగుస్తుంది. సరిగ్గా కాఫీ పళ్ళు ఎర్రబడి, బుట్ట నడుముకు కట్టుకుని వాలు ఎక్కే రోజులవి. మేస్త్రీ పిలుపు రాకముందే వారిని పీహెచ్‌సీ వరండాలో ఆరు నిమిషాలు నడిపించి చూడాలి.